వనస్థలిపురం నుంచి నానక్‌రామ్‌గూడకి రోజూ తిరగడానికి పాత హైబ్రిడ్ కొనొచ్చా?

క్లచ్_బాధితుడు:

అందరికీ నమస్తే. కారు గురించి మా ఇంట్లో రెండు నెలలుగా పంచాయితీ నడుస్తోంది, మీరే తేల్చాలి. ఉండేది వనస్థలిపురం, ఆఫీసు నానక్‌రామ్‌గూడ, వారానికి నాలుగు రోజులు తప్పదు. ఒకవైపు 32 కిలోమీటర్లు పడుతుంది, ఎల్బీనగర్ దాటి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, అక్కడ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి మెహదీపట్నంలో దిగి టోలిచౌకి మీదుగా. పొద్దున గంటన్నర. సాయంత్రం వాన పడిందంటే ఇంట్లో అన్నం చల్లారిపోయి ఉంటుంది, అంతే.

ఇప్పుడున్నది 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్. ఈ ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇస్తే పండగే. ఎడమ మోకాలు పట్టేస్తోంది, డాక్టరు క్లచ్ తొక్కడం తగ్గించమన్నాడు. ఎలక్ట్రిక్ కొనుక్కోవచ్చు కదా అంటారేమో, సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానంటే అసోసియేషన్ వాళ్లు ఏడాదిగా మీటింగులు పెడుతున్నారు, మీటింగులే పెడుతున్నారు.

చూసిన బండ్లు మూడు. 2018 చివర్లో కొన్న సియాజ్ ఆటోమేటిక్, అమ్మేవాడు 'హైబ్రిడ్ సార్' అని ఒకటికి పదిసార్లు చెప్పాడు, 6.6 లక్షలు. 2022 హోండా సిటీ ఈ:హెచ్‌ఈవీ (సిటీలో హైబ్రిడ్ మోడల్), బెంగళూరు రిజిస్ట్రేషన్, 48 వేల కిలోమీటర్లు, 12.25 లక్షలు. 2023 గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, టీఎస్ బండి, 41 వేలు తిరిగింది, 13.9 లక్షలు అంటున్నాడు.

మా బావమరిదేమో 'బ్యాటరీ పోయిందంటే బండి అమ్మినా ఆ డబ్బు రాదు' అని బెదిరిస్తున్నాడు. అతను ఇప్పటిదాకా హైబ్రిడ్‌లో కూర్చోలేదు కూడా, కానీ మా ఆవిడ అతని మాటే వింటుంది. ఇంకోటి, నెలకోసారి అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మడిచే వీల్‌చైర్ డిక్కీలో పట్టాలి. ఏం చేయమంటారు?

సెల్లార్_సింహం:

ముందు ఆ సియాజ్‌ని లిస్టులోంచి తీసెయ్ అన్నా. బండి చెడ్డదని కాదు, మంచి బండే, కానీ నువ్వనుకునే హైబ్రిడ్ కాదది. 2018 ఆగస్టులో వచ్చిన 1.5 పెట్రోల్ సియాజ్‌లో ఉన్నది మైల్డ్ హైబ్రిడ్. ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట బెల్టుతో తిరిగే ఒక మోటార్ జనరేటర్, దానికి తోడు చిన్న లిథియం బ్యాటరీ. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపుతుంది, మళ్లీ స్టార్ట్ చేస్తుంది, పికప్‌లో కాస్త చెయ్యేస్తుంది. ఆ మోటార్‌తో బండి ఒక్క అడుగు కూడా సొంతంగా కదలదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ఇంజిన్ ఆపేసి కాసేపు ఒక్క మోటార్‌తోనే నడుస్తుంది. ఎర్టిగా, ఎక్స్‌ఎల్6 మీద 'స్మార్ట్ హైబ్రిడ్' అని ఉన్నదీ ఇదే వరస. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో మాత్రం అన్నిటికీ కలిపి ఒకటే పేరు, హైబ్రిడ్.

తేడా తెలియాలంటే మే నెలలో మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగి చూడు. మైల్డ్ హైబ్రిడ్‌లో ఇంజిన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగిపోతుంది, బ్లోయర్ గాలి కాసేపటికి వెచ్చబడుతుంది, మళ్లీ ఇంజిన్ లేస్తుంది. సిటీ హైబ్రిడ్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, టయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, వీటిల్లో ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది, ఇంజిన్ ఆగినా చల్లగానే ఉంటుంది. నాకు మైలేజీ కన్నా ఇదే నచ్చింది, నిజం చెప్తున్నా. నాది 2022 హైరైడర్, గ్రాండ్ విటారాకి అన్నో తమ్ముడో, లోపల సరుకంతా ఒకటే. కంపెనీ వాళ్లు చెప్పే 27.97 ఎప్పుడూ రాలేదు. కూకట్‌పల్లి, హైటెక్ సిటీ మధ్య ఏసీ వేసుకుని 21, 22 వస్తోంది. వానాకాలంలో ఏసీ తగ్గించి మెల్లగా పోతే 24 చూశా.

ఒక్క లోపం చెప్తా. మూడు సిలిండర్ల ఇంజిన్, నిశ్శబ్దంగా పోతూ పోతూ ఒక్కసారి లేచిందంటే ఎవరో పక్కన జనరేటర్ వేసినట్టుంటుంది. నెల రోజుల్లో అలవాటైపోయింది.

లెక్కల_మాస్టారు:

మైలేజీ గురించి మాట్లాడే ముందు ఒక కాగితం తీసుకోండి. నెలకు మీ తిరుగుడు అటూ ఇటూ కలిపి 1,200 కిలోమీటర్లు అనుకుందాం. 12 మైలేజీకి 100 లీటర్లు. లీటరు 107 అనుకుని లెక్క వేస్తే 10,700. 21 మైలేజీకి 57 లీటర్లు, సుమారు 6,100. నెలకు 4,600 మిగులు, ఏడాదికి 55 వేలు. బాగానే ఉంది. కానీ అదే 2023 గ్రాండ్ విటారా మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ ఎంతకి వస్తోందో అడిగారా? మూడు లక్షలు తక్కువకు దొరికిందనుకోండి, ఆ తేడా తిరిగి రావడానికి మీకు అయిదున్నరేళ్లు పడుతుంది. అది కూడా మామూలు పెట్రోల్‌ది మీ పాత బండిలాగే 12 ఇస్తుందనుకుంటేనే. 13, 14 ఇచ్చిందా, ఇంకా సాగుతుంది. పెట్రోల్ మిగులుతుందని హైబ్రిడ్ కొంటున్నారా, ట్రాఫిక్‌లో సుఖం కోసం కొంటున్నారా అన్నది ముందు మీరే తేల్చుకోండి. రెండోదైతే నా లెక్కతో పని లేదు, మోకాలికి రేటు కట్టలేం.

దారి కూడా ముఖ్యం. మీరు రాసిన దారిలో ఆగడం, కదలడం ఎక్కువ కాబట్టి హైబ్రిడ్‌కి అది పుట్టిల్లు. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ మామూలు బండిలో వేడిగా పోయేది ఇక్కడ బ్యాటరీలోకి వెళ్తుంది. రేపు విసుగొచ్చి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టారనుకోండి, అక్కడ 120 దాకా అనుమతి ఉంది కదా అని 110లో పోతే ఇంజిన్ నిరంతరం తిరుగుతూనే ఉంటుంది, బ్రేకులు వేసే పనే ఉండదు, మామూలు పెట్రోల్‌కీ దీనికీ తేడా బాగా తగ్గిపోతుంది. పైగా కిలోమీటర్లు ఎక్కువ, టోలు అదనం.

బేరానికి పనికొచ్చే మాట ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి పెద్ద హైబ్రిడ్‌ల మీద పన్ను సెస్సుతో కలిపి 43 శాతం ఉన్నది 40కి దిగింది. చిన్న పెట్రోల్ కార్ల మీద తగ్గింపు ఇంకా ఎక్కువ. అమ్మేవాళ్లలో చాలామంది ఇంకా పాత కొత్తబండి రేటు పట్టుకుని లెక్క చెప్తున్నారు. ఈ రోజు షోరూమ్ కొటేషన్ ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి.

బెజవాడ_బండి:

పై లెక్కలన్నీ సరే. నేను అడిగేది ఒక్కటే, బండి నీళ్లలో మునిగిందా లేదా?

మా బాబాయి వాళ్లది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు కింద పెట్టిన కార్లు కార్లన్నీ మునిగిపోయాయి. రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ బండ్లన్నీ ఏమయ్యాయంటావ్? ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు కట్టేసినవి తుక్కు రేటుకి పోయాయి, వాటిలో కొన్ని ఎక్కడో శుభ్రం చేయించుకుని, సీటు కవర్లు మార్చుకుని, సెంటు కొట్టుకుని వేరే ఊళ్లో పెళ్లికొడుకుల్లా నిలబడతాయి. చెన్నైలో 2023 డిసెంబర్ తుపాను అప్పుడూ ఇదే కథ, హైదరాబాద్ 2020 అక్టోబర్ వరద గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

మామూలు కారు మునిగితే వైరింగ్, ఇంజిన్, కార్పెట్. హైబ్రిడ్ మునిగితే వెనకవైపు కింద కూర్చున్న బ్యాటరీ, దాని కంట్రోలర్, నారింజ రంగు హైవోల్టేజ్ కేబుళ్లు, కనెక్టర్లు. ఆరబెట్టాక బాగానే నడుస్తుంది. ఆర్నెల్లకి కనెక్టర్ల లోపల చిలుము పట్టి, ఒక రోజు పొద్దున బటన్ నొక్కితే బండి 'రెడీ' అనదు. నిరుడు మా వాడికోసం ఒక బండి చూశా. లోపల అద్దంలా ఉంది. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగా, ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు పట్టీ మీద మట్టి చార గీసినట్టు ఉంది. అమ్మేవాడి ముఖం చూడాలి. నువ్వూ అది చెయ్. డిక్కీలో కార్పెట్ ఎత్తి మూలల్లో ఒండ్రు, సీటు కింద బోల్టుల తుప్పు చూడు.

ఇన్సూరెన్స్ కాగితం మీద ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడు. మొదటి ఓనరే అయ్యుండి, మూడేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపితే 35 శాతం ఉండాలి. సున్నా ఉంటే ఏదో క్లెయిమ్ చేశాడని అర్థం, ఏం క్లెయిమో కాగితం చూపించమను. (ఆ ఎన్‌సీబీ నీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఏజెంట్లు 'ఎన్‌సీబీ కూడా మీకే సార్' అంటే నమ్మకు.)

క్లచ్_బాధితుడు:

అందరికీ థాంక్స్, సియాజ్ పక్కన పెట్టేశా. మాస్టారూ, మీ లెక్క మా ఆవిడకి చూపించాను, 'చూశావా' అని నావైపు చూసింది, ఎవరివైపు ఉన్నారండీ మీరు. సరే, మిగిలింది రెండే. బ్యాటరీ సంగతి ఎవరైనా తేల్చండి. బావమరిది రేపు భోజనానికి వస్తున్నాడు.

స్పానర్_చేతిలో:

బ్యాటరీ గురించి రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి. ఇరవై ఏళ్లుగా రిపేర్ల పనిలో ఉన్నా, హైబ్రిడ్‌లు చేయడం ఈ నాలుగైదేళ్లుగా.

మీరు చూస్తున్న రెండింటికీ హైబ్రిడ్ బ్యాటరీ మీద కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. లెక్క మొదలయ్యేది బండి మొదటిసారి అమ్మిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. 2023 బండి అంటే 2031 దాకా ఉంది. మీ తిరుగుడుకి కిలోమీటర్లు అడ్డురావు, ముందు ఏళ్లే అయిపోతాయి. కాబట్టి బావమరిదికి పప్పులో నెయ్యి వేసి ఈ ముక్క చెప్పండి. కానీ వారంటీ ఉంది అన్న మాట నోటితో కాదు, చాసిస్ నంబర్ పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, సర్వీస్ చరిత్ర మొత్తం ప్రింటు తీయించండి. బయట ఎవడో వైర్లు కెలికి ఉంటే, సర్వీసులు ఎగ్గొట్టి ఉంటే రేపు క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. అక్కడే పార్ట్స్ కౌంటర్‌లో ఆ మోడల్ బ్యాటరీ రేటు కూడా రాయించుకోండి, అప్పుడు బెదిరింపు ఎంత, నిజం ఎంత తెలుస్తుంది.

ఇంకో సంగతి జనానికి తెలియదు. ఈ బ్యాటరీ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ లాంటిది కాదు. గ్రాండ్ విటారాలో ఉన్నది 0.76 యూనిట్ల బ్యాటరీ, ఒక యూనిట్ కరెంటు కూడా పట్టదు. సున్నా దాకా దిగనివ్వదు, నూరు దాకా ఎక్కనివ్వదు, మధ్యలోనే ఆడిస్తుంది, అందుకే చాలా ఏళ్లు వస్తుంది. దాన్ని చంపేది వేడి. దాన్ని చల్లబరచడానికి క్యాబిన్ లోపలి గాలినే ఫ్యాన్‌తో లాగుతారు, ఆ గాలి రంధ్రం వెనకవైపు ఉంటుంది. దాని మీద దుప్పటి, స్కూల్ బ్యాగు, కుక్క వెంట్రుకలు, నేనైతే ఒకసారి మిక్చర్ పొట్లం సగం బయటికి తీశా. రంధ్రం ఎక్కడుందో మాన్యువల్ చూసి టార్చ్ వేసి చూడండి. దుమ్ముతో మూసుకుపోయి ఉంటే ఆ ఓనర్ బండిని ఎలా చూసుకున్నాడో అక్కడే తెలిసిపోతుంది.

నడిపి చూసేటప్పుడు బండి చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే 'రేపు పొద్దున వస్తా' అని వచ్చేయండి. స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు చూస్తూ అరగంట ట్రాఫిక్‌లో తిప్పండి. ఆరోగ్యంగా ఉన్నది మెల్లగా దిగుతుంది, మెల్లగా ఎక్కుతుంది. ఒక సిగ్నల్ దగ్గర నిండుగా ఉండి తర్వాతి సిగ్నల్‌కి అడుగంటింది, వెంటనే మళ్లీ నిండిపోయింది అంటే అనుమానించండి. వెనక ఫ్యాన్ ఊరికే హోరుమంటున్నా అంతే. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి. పాత కోడ్‌లు ఏవీ లేవు, కానీ నిన్ననే తుడిచేశారు అన్నది కూడా స్కానర్‌లో కనిపిస్తుంది, లోపలి పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపిస్తుంది.

జనం పెద్ద బ్యాటరీ గురించి భయపడతారు, నా దగ్గరికి తోసుకుంటూ వచ్చే హైబ్రిడ్‌లలో ఎక్కువ వాటికి పోయేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది చస్తే కంప్యూటర్లు లేవవు, పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి శవమే. ఊరెళ్లి నెల రోజులు కదపకుండా పెడితే ఇదే జరుగుతుంది. ఇక బ్రేక్ ప్యాడ్‌లు చాలాకాలం వస్తాయి, ఎందుకంటే సగం పని మోటారే చేస్తుంది, కానీ వాడక తక్కువై డిస్కుల మీద తుప్పు ఉంటుందేమో చూడండి. దారిలో ఆగిపోతే ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించొద్దు, ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని పోయే లారీ) పిలవండి.

చివరిది, సెల్లార్ పార్కింగ్ అన్నారు కాబట్టి ఎలుకలు. నారింజ కేబుల్ కొరికితే టేపు చుట్టి పంపే పని కాదు, మొత్తం మార్చాలి. బానెట్ కింద కొబ్బరి పీచు, గుడ్డ పేలికలు కనిపిస్తే రేటు తగ్గించమని అడగడం కాదు, అక్కడి నుంచి వచ్చేయండి.

డాలస్_బాబాయి:

ఇక్కడ అమెరికాలో మన పిల్లలు చదువు అయిపోగానే మొదట చూసేది పాత ప్రియస్, పాత క్యామ్రీ హైబ్రిడ్. నేనూ 2016లో 2010 మోడల్ ప్రియస్ కొన్నా, నాలుగేళ్లు రోజూ 50 మైళ్లు తిరిగా. ఒకరోజు పొద్దున స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ చప్పుడు! రాత్రి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఎవరో కిందికి దూరి క్యాటలిటిక్ కన్వర్టర్ కోసుకుపోయారు. అందులో ఖరీదైన లోహాలు ఉంటాయి, ప్రియస్‌లకి ఆ బెడద ఎక్కువ.

తమ్ముడూ, ఒక తేడా గుర్తుపెట్టుకో. ఇక్కడ ఈ కార్లు పాతికేళ్లుగా ఉన్నాయి కాబట్టి వారంటీ అయిపోయినా బాగుచేసిన బ్యాటరీలు దొరుకుతాయి, ఇంటికొచ్చి బిగించి వెళ్లే వాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఎక్కువ మంది కొన్న ఈ మధ్య తరగతి హైబ్రిడ్‌లు 2022 నుంచే మొదలయ్యాయి. బయటి మార్కెట్ ఇంకా ఆ స్థాయికి రాలేదు. అందుకే అక్కడ మిగిలిన వారంటీకి ఇక్కడికన్నా విలువ ఎక్కువ. బేరంలో కిలోమీటర్ల కన్నా తేదీ చూడు. 20 వేలే తిరిగింది, కానీ కదలకుండా పడి ఉంది అన్న బండి కన్నా రోజూ తిరిగిన 45 వేల బండి నయం అంటాను నేను.

సెల్లార్_సింహం:

బాబాయి చెప్పింది నిజం. ఇంకోటి మర్చిపోయా, డిక్కీ! వీల్‌చైర్ అన్నావ్ కదా. బ్యాటరీ కూర్చునేది అక్కడే. మామూలు గ్రాండ్ విటారాకి 373 లీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 265. సిటీకి 506, హైబ్రిడ్ సిటీకి 306. నేను రెండు పెద్ద సూట్‌కేసులతో శంషాబాద్ వెళ్లి అవమానపడ్డా. కుర్చీ వెంట తీసుకెళ్లి పెట్టి చూడు, లీటర్లు నమ్ముకోకు.

బెంగళూరు బండి గురించి కూడా ఆలోచించు. అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తెప్పించాలి, ఇక్కడ వయసు లెక్కగట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి తెచ్చుకోవడం నీ తిప్పలు. 12.25 చూసి మురిసిపోకు, ట్యాక్స్ కలిపాక విటారా పక్కనే నిలబడుతుంది.

క్లచ్_బాధితుడు:

మూడు వారాల తర్వాత రాస్తున్నా, క్షమించాలి.

బెంగళూరు సిటీ వదిలేశా. నడిపితే మాత్రం అద్భుతంగా ఉంది, ఇప్పటికీ మనసు అటే లాగుతోంది, కానీ ట్యాక్స్ లెక్క వేయించాక తత్వం బోధపడింది.

గ్రాండ్ విటారాని పొద్దున ఆరున్నరకి చల్లగా ఉండగా స్టార్ట్ చేయించా. సీటు బెల్టులన్నీ లాగి చూశా, ఓనర్ 'ఏం వెతుకుతున్నారండీ' అన్నాడు, బెజవాడ అన్నా, నిన్ను తలుచుకున్నా. మట్టి లేదు. ఎన్‌సీబీ సున్నా ఉంది! గుండె ఆగినంత పనైంది. అడిగితే క్లెయిమ్ కాగితం తెచ్చాడు, వెనక బంపరు, డిక్కీ డోరు, ఎవరో ఆటో గుద్దింది, ఫొటోలు కూడా ఉన్నాయి. సర్వీస్ సెంటర్‌లో చరిత్ర ప్రింటు తీశారు, 41 వేలు సరిపోయింది, బ్యాటరీ పరీక్షలో ఏమీ లేదు. గాలి రంధ్రం దగ్గర మాత్రం రెండు చాక్లెట్ కాగితాలు, ఒక రాఖీ దొరికాయి. ఆ క్లెయిమ్ పేరు చెప్పి, కొత్త బండి కొటేషన్ చూపించి 13.3కి తెచ్చా.

ఆదివారం అమ్మనీ, కుర్చీనీ తీసుకెళ్లా. కుర్చీ డిక్కీలో పట్టలేదు. ఎటు తిప్పినా ఒక చక్రం బయటికే. వెనక సీటు ఒకవైపు మడిస్తే పట్టింది, ఇంకా ఒకరు కూర్చోవచ్చు. అమ్మ ముందు సీట్లో కూర్చుని ఏసీ తనవైపు తిప్పుకుని, 'ఇంజిన్ వేయవేంరా' అంది. బండి అప్పటికే గేటు దాటింది.

అడ్వాన్స్ ఇచ్చేశా. బావమరిది ఇంకా నమ్మడం లేదు, కానీ నడిపి చూడాలని అడుగుతున్నాడు.

స్పానర్_చేతిలో:

మంచిది. డబ్బు మొత్తం ఇచ్చే ముందు పేరు మార్పిడి కాగితాలు ఫారం 29, 30 మీద సంతకాలు చూసుకోండి, లోన్ ఉండి ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35, ఎన్‌ఓసీ కూడా. రెండో తాళం ఇప్పుడే తీసుకోండి, తర్వాత ఎవరూ ఇవ్వరు. ఆ రంధ్రం దగ్గరి ఫిల్టర్ కూడా ఈ సర్వీసులోనే శుభ్రం చేయించండి.